ఇంట కట్టిన కారు – పెట్రోలు ట్యాంకు



ఎమ్మిగనూరు నుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె కుమారుడు పాత యింజను నొకదానిని సంపాదించి, పెరటి కొట్టములో స్వయముగా చిన్న కారు కట్టుచున్నాడట. పెట్రోలు ట్యాంకునకై ఆదోని నుండి రేకు తెచ్చెనట. "వెనుక సీటు క్రింద, నేలరేకు మీదనే బిగింతునని వాడనుచున్నాడు. నాకు భయముగా నున్నది. ఆడవారికి మోటారు సంగతు లేల యని యింటివారు నవ్వుచున్నారు" అని యామె వ్రాత.

నవ్వవలసిన పని లేదు. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున తొలిసారి కారులో దూరప్రయాణము చేసినది బెర్తా బెంజ్ అను గృహిణి. ఆమె బండికి వేరుగా ట్యాంకు లేదు. కార్బ్యురేటరులో పట్టిన నాలుగున్నర లీటర్ల నూనెయే ఆధారము. అది తఱుగగా దారిలో మందుల అంగడిలో కొని పోసికొనెను. గొట్టము పూడుకొనగా తన టోపీ సూదితో తానే శుభ్రపఱచెను.

కుమారుని యుత్సాహమును గూడ చల్లార్పవలదు. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబమున బుట్టిన జి. డి. నాయుడు గారు పెద్ద చదువులు లేకయే యంత్రములు నిర్మించి ఖ్యాతి గాంచిరి. అయినను ఉత్సాహమునకు తోడు జాగ్రత్త యుండవలెను.

పెట్రోలు కిరసనాయిలు వంటిది కాదు. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము మండగల యావిరి దానినుండి లేచును. మన ప్రాంతమున వేసవి యెండ 40 డిగ్రీలు దాటును గదా! ఆ యావిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోక, నేలవెంట ప్రాకి, దూరమున నున్న పొయ్యిని జేరి అంటుకొనును. కావున ట్యాంకు మనుష్యులు కూర్చుండు అరలో ఉండరాదు. కర్మాగారపు కార్లలో అది వెనుక సీటు క్రింద నుండుట నిజమే. కాని నేలరేకునకు వెలుపల నుండును. మూత కూడ బండి బయటికే తెఱచుకొనవలెను.

మఱి బండి చివర బిగింపవచ్చునా? అదియు తగదు. అమెరికాలో ఫోర్డు పింటో కారునకు ట్యాంకు వెనుక ఇరుసునకు ఆవల నుండెను. వెనుకనుండి గ్రుద్దిన బండి తాకిడికి అది చిల్లిపడి మంటలు రేగగా, 1978లో 15 లక్షల బండ్లను సరిచేయుటకై వెనుకకు పిలిపింపవలసి వచ్చెను. ఇరుసునకు ముందు, రెండు చట్రపు కమ్మీల నడుమ, సైలెన్సరు గొట్టమునకు దూరముగా నుంచుటయే మేలు.

నిండుకుండ తొణకదు. సగము నిండిన ట్యాంకు మలుపులందు తొణకి బండిని త్రోయును. అందుకై లోపల చిల్లులుగల అడ్డురేకులు పెట్టుదురు. అయినను అంచువఱకు నింపరాదు. 20 లీటర్ల పెట్రోలు మఱి 20 డిగ్రీలు వేడెక్కిన, సుమారు 400 మిల్లీలీటర్లు ఉబ్బును. నూనె డబ్బాకు ఒక్క చిల్లే పొడిచిన ధార సరిగా రాదని మన మెఱుగుదుము. ట్యాంకునకు గూడ గాలిచిల్లు కావలెను. బండి బోల్తాపడినపుడు మూసికొను కవాటము దానికి అమర్పవలెను.

బిగించుటకు ట్యాంకునకు చిల్లులు పొడువరాదు. రెండు ఉక్కు పట్టీలతో, నడుమ రబ్బరు వేసి, చట్రమునకు కట్టవలెను. పెట్రోలు పోయకమునుపే కొద్ది గాలి నింపి, సబ్బునీరు పూసి, బుడగలు వచ్చునేమో చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యమొకటి. వాడిన పాత ట్యాంకును వెల్డింగునకు ఎన్నడును పంపనీయకుడు. ఖాళీ ట్యాంకే నిండుదానికంటె ప్రమాదకరము. లోన మిగిలిన ఆవిరి నిప్పురవ్వకు ప్రేలి ప్రాణములు దీయును. క్రొత్తరేకు తెచ్చిన కుమారుడు ఈ విషయమున మంచిపనియే చేసెను.

మఱియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, రిజిస్ట్రేషను లేని బండిని రాజమార్గమున నడుపరాదు. ఇంట కట్టినదానికి అది సులభముగా లభింపదు. ఆదోని దారి పట్టక, సొంత చేనిలోనే నడుపుకొమ్మని చెప్పుడు.

సోదరీ, నీ భయము న్యాయమైనది. పెట్రోలు పోయునాడు పెరటి పొయ్యి ఆర్పింపుము. ప్రక్కన ఇసుక బకెట్టు లుంచుము. నీళ్లు పోసిన పెట్రోలు తేలి మంటను వ్యాపింపజేయును. పిల్లలను వీధి యరుగు మీదనే యుంచుము.