విక్రేత పంచాంగం, విద్యాలయాల ముహూర్తం

ఏ శాసనసభ ఆమోదమూ లేకుండానే, ఏ విశ్వవిద్యాలయ పాలకమండలి తీర్మానమూ లేకుండానే, ఒక గడువు మన కళాశాలల మీద వచ్చిపడినది. 2015లో విడుదల చేసిన విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. పోనీ, విండోస్ 11కు మారుదమా అన్నచో, 2017కు పూర్వపు ప్రాసెసర్లు గల కంప్యూటర్లు దాదాపు అన్నీ అందుకు అనర్హములు. అనగా మారవలసినది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. చక్కగా పనిచేయుచున్న యంత్రాన్నే మూలన పడవేయవలసిన స్థితి.

ఇన్నాళ్ళు నడిచినది, ఇకముందును నడుచునులే అని ప్రిన్సిపాలు ఊరకుండవచ్చునా? కూడదు. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతటా కంప్యూటర్లను స్తంభింపజేసినపుడు, బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. దానికి విరుగుడు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వెలువడినది. వేసుకొనని వారే నష్టపోయిరి. విద్యార్థుల మార్కులు, ఫీజుల లెక్కలు, ఆధార్ వివరాలు ఉండే యంత్రాన్ని కాపలా లేకుండా వదలివేయుట బాధ్యతారాహిత్యమే.

అట్లని, గడువు ముగిసినదన్న కంగారులో ప్రయోగశాల మొత్తాన్ని కొత్తగా కొనుటయు వివేకం కాదు. విద్యాసంస్థలకు అదనపు రక్షణ సవరణలను ఒక్కొక్క యంత్రానికి మొదటి ఏడాది 1 డాలరు, రెండవ ఏడాది 2, మూడవ ఏడాది 4 డాలర్ల చొప్పున ఇచ్చుటకు ఆ సంస్థయే అంగీకరించినది. 50 యంత్రాలున్న కళాశాలకు మూడేళ్ళకు అయ్యే వ్యయం 350 డాలర్లు. ఇంచుమించు ఒక్క కొత్త కంప్యూటరు ఖరీదు. అయితే ఇది 2028 అక్టోబరు వరకు లభించిన వాయిదా మాత్రమే. ఈ మూడేళ్ళలో ఏమి చేయవలెనన్నదే అసలు ప్రశ్న.

మూడవ మార్గమొకటి కలదు. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరిట ఆరంభమై, నేడు కైట్‌గా వ్యవహరింపబడుచున్న సంస్థ ద్వారా కేరళ ప్రభుత్వం తన పాఠశాలల్లో లైనక్స్ ఆధారిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను స్థిరపరచినది. లైసెన్సు రుసుము లేదు. పాత యంత్రమూ పనికివచ్చును. కాని కేరళ కేవలం సాఫ్ట్‌వేర్ మార్చి ఊరుకొనలేదు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది, పాఠ్యపుస్తకాలను అందుకు అనుగుణంగా వ్రాయించినది. ఆ శ్రమ లేనిచో మార్పు కాగితాల మీదనే మిగులును. వాణిజ్యశాస్త్ర విద్యార్థి నేర్చుకొను ట్యాలీ వంటివి విండోస్ కొరకు రూపొందినవన్న వాస్తవాన్నీ విస్మరింపరాదు. కనుక ముందు పాఠ్యప్రణాళికను చూచి, ఏ ప్రయోగశాలకు ఏది అవసరమో తేల్చుకొని, ఆ పిమ్మటనే కొనుగోలు జోలికి పోవలెను.

ఇంతటి నిర్ణయాన్ని ఒక మారుమూల డిగ్రీ కళాశాల ఒంటరిగా తీసుకొనగలదా? ప్రభుత్వ కార్యాలయాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమీయవలెనని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించినది. అది కేంద్ర సంస్థలకు వర్తించును. రాష్ట్రాలకు మాత్రం ఐచ్ఛికం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్యను ఉమ్మడి జాబితాలోనికి చేర్చినపుడు చూపిన ఉత్సాహంలో కొంతయైనా, ఉమ్మడి వ్యయాన్ని భరించుటలో ఢిల్లీ చూపవలదా? హైదరాబాదు, అమరావతి ప్రభుత్వాలును తమ కళాశాలల్లోని యంత్రాల లెక్క తీసి, ఏది ఎంతకాలం పనికివచ్చునో తేల్చవలెను.

కళాశాల కంప్యూటరుకు ఆయుష్షు నిర్ణయించవలసినది అక్కడ చదువుకొను విద్యార్థి అవసరమే గాని, విక్రేత పంచాంగం కాదు. 2028 దూరం లేదు. ఆలోచించుటకు దొరికిన ఈ వ్యవధిని నిద్రలో గడిపినచో, అప్పటి ముహూర్తమును వేరొకరే నిర్ణయింతురు.