తెర వెలిగింది.. తర్ఫీదు ఏదీ?
సాంకేతిక బోధనపై కాబోయే గురువుల మనోగతం

అనంతపురం విద్య: నల్లబల్లపై సుద్దముక్క రాతలు చూస్తూ చదువుకున్న తరం రేపు డిజిటల్‌ తెర ముందు నిలిచి పాఠం చెప్పబోతోంది. బీఈడీ, డీఈఎల్‌ఈడీ శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయుల్లో సాంకేతికతపై ఆసక్తితో పాటు సంకోచమూ కనిపిస్తోంది. యంత్రమంటే వారికి భయం లేదు. దానిని పాఠంలో ఎక్కడ, ఎంతసేపు వాడాలో నేర్పేవారు కరవయ్యారన్నదే వారి ఆవేదన.

పరికరాలు ముందు.. శిక్షణ వెనుక
రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు అందజేశారు. 2023 నుంచి ‘నాడు-నేడు’ కింద ఉన్నత పాఠశాలలకు ఐఎఫ్‌పీ తెరలు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్‌ టీవీలు చేరాయి. ఉపాధ్యాయ శిక్షణ మాత్రం ఈ వేగాన్ని అందుకోలేదు. రెండేళ్ల బీఈడీలో ఐసీటీ ఒక అంశంగా ఉంది. 20 వారాలు పాఠశాలల్లో గడపాల్సి ఉంది. అయినా పాఠ్యపథకాల రికార్డులు, అట్టలపై అతికించిన చార్టులకు ఉన్న ప్రాధాన్యం తెరపై బోధనకు దక్కడం లేదని శిక్షణార్థులు పేర్కొంటున్నారు.

అనుభవమే పాఠం
ప్రస్తుత శిక్షణార్థుల్లో అనేకులు 2020లో కొవిడ్‌ వేళ సెల్‌ఫోన్లలో పాఠాలు విన్నవారే. పాఠం అర్థం కాని పిల్లవాడి ముఖం తెరకు కనిపించదని వారికి స్వానుభవంతో తెలుసు. గుండెలో రక్తప్రసరణ, గ్రహణాలు ఏర్పడే తీరు వంటివి కదిలే చిత్రాలతో చూపితే సులువుగా బోధపడతాయని వారు అంగీకరిస్తున్నారు. భాగహారం, చేతిరాత మాత్రం పక్కన కూర్చుని దిద్దిస్తేనే వస్తాయంటున్నారు. శనగ గింజ మొలకెత్తడాన్ని వీడియోలో చూపేకంటే తడిగుడ్డలో కట్టి రోజూ పిల్లలతోనే విప్పించడం మేలన్నది వారి అభిప్రాయం.

ఏకోపాధ్యాయ బడుల్లో ఒక తరగతికి పాఠం చెబుతున్నప్పుడు మరో తరగతికి టీవీ ఆసరా కాగలదు. అయితే ముందే రెండు ప్రశ్నలు ఇచ్చి, తర్వాత జవాబులు రాబట్టకపోతే అది కాలక్షేపంగా మిగులుతుంది.

చేయాల్సిందేమిటి?
పాఠశాల శిక్షణలో కొన్ని పాఠాలైనా తెరపై బోధించేలా చూడాలని, వాటికి మార్కులు కేటాయించాలని ఛాత్రోపాధ్యాయులు కోరుతున్నారు. కరెంటు పోయినా, నెట్‌ అందకపోయినా పాఠం ఆగకుండా ప్రత్యామ్నాయ ప్రణాళిక రాయడమూ నేర్పాలంటున్నారు. ఇప్పటికే విధుల్లో ఉండి తెరను చక్కగా వాడుతున్న ఉపాధ్యాయుల తరగతులను దగ్గరుండి గమనించే అవకాశం కల్పిస్తే ఖర్చు లేకుండానే సగం సమస్య తీరుతుంది.

2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వెలువడింది. అలా ఎంపికయ్యే ప్రతి ఉపాధ్యాయుడూ దశాబ్దాల పాటు తరగతి గదిలో ఉంటారు. పరికరం పాతబడితే మార్చవచ్చు. అరకొర శిక్షణతో చేజారిన పిల్లల చదువును తిరిగి తేవడం కష్టం. తెర ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన గురువును తయారు చేయడంపైనే ఇకనైనా దృష్టి సారించాలి.