"ప్రెజెంట్ సార్" అన్నదెవరు?

క్లాసులో ప్రాక్సీ ఎలా పడుతుందో మనకెవరూ నేర్పక్కర్లేదు. సార్ తల వంచుకుని నంబరు పిలుస్తారు, వెనక బెంచీ నుంచి "ప్రెజెంట్ సార్" అని వినిపిస్తుంది, రిజిస్టర్‌లో టిక్ పడిపోతుంది. పలికింది అసలు మనిషేనా అని ఎవరూ తలెత్తి చూడరు. బయాలజీ ల్యాబుల్లో యాంటీబాడీలతో చాలాసార్లు జరిగేది కూడా ఇదే. వాసన రిసెప్టర్ల సంగతి చూస్తే విషయం బాగా తెలుస్తుంది.

ముక్కు లోపల పైభాగంలో ఉండే నాడీకణాల మీద వాసనల్ని పట్టుకునే ప్రోటీన్లే ఈ రిసెప్టర్లు. వీటి జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ బయటపెట్టారు. 2004లో వాళ్లకి నోబెల్ వచ్చింది. మనుషుల్లో పనిచేసే ఇలాంటి జన్యువులు దాదాపు 400. అంటే ఒకే ఇంటిపేరున్న 400 మంది అన్నమాట, పైగా చాలామందికి పోలికలు కూడా దగ్గరదగ్గరే.

ఇందులో ఒక్కదాన్ని గుర్తుపట్టడానికే యాంటీబాడీ కొంటాం. సాధారణంగా ఆ ప్రోటీన్‌లోని చిన్న ముక్కని కుందేలుకి ఎక్కిస్తారు. దాని రక్తంలో తయారైన యాంటీబాడీని శుద్ధి చేసి, ట్యూబులో పోసి, రిసెప్టర్ పేరు అంటిస్తారు. చిక్కేంటంటే, ఈ రిసెప్టర్ కణం పొరని ఏడుసార్లు దాటుతుంది. చాలా భాగం పొరలోనే ఉండిపోయి, బయటికి కనిపించేవి చిన్న ముక్కలే. ఆ ముక్క ఇంకో చుట్టంలోనూ అలాగే ఉంటే, యాంటీబాడీ వాడికీ అతుక్కుంటుంది. వెస్టర్న్ బ్లాట్‌లో గీత వస్తుంది. మనం "ఉంది" అని రాసేస్తాం.

రాస్తే ఏమైంది అంటారా? ఓఆర్51ఈ2 అనే రిసెప్టర్ జన్యువు ప్రోస్టేట్ గ్రంథిలో పనిచేస్తుంది, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఇంకా ఎక్కువగా పనిచేస్తుందని పరిశోధనలు చెప్పాయి. అయితే జన్యువు పనిచేయడం వేరు, ప్రోటీన్ ఫలానా కణంలో ఉందని చూపించడం వేరు. ఆ రెండోదానికి చాలాసార్లు యాంటీబాడీయే సాక్షి. సాక్షే ప్రాక్సీ అయితే, దాన్ని నమ్మి మందు కోసం వెతికేవాళ్ల ఏళ్లు, డబ్బు, రోగులిచ్చిన శాంపిల్స్ అన్నీ వృథా.

"కంపెనీ టెస్ట్ చేసే అమ్ముతుంది కదా" అనొచ్చు. వైకారోస్ అనే బృందం 65 ప్రోటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను పరీక్షించి, 2023లో ఫలితాలు బయటపెట్టింది. సగానికి పైగా ఏదో ఒక పరీక్షలో తప్పాయి. వాళ్ల పద్ధతి మనకి బాగా అర్థమయ్యేదే: ఆ జన్యువుని తీసేసిన కణాల్లో అదే యాంటీబాడీని వాడి చూశారు. మనిషి ఊళ్లో లేడని తెలిసిన రోజున కావాలని అతని నంబరు పిలవడం లాంటిదిది. అప్పుడూ "ప్రెజెంట్" అని వినిపిస్తే దొంగ దొరికినట్టే.

జన్యువు తీసేసిన కణాలు మన కాలేజీ బడ్జెట్‌కి అందకపోవచ్చు, నిజమే. కానీ ఆ జన్యువుని ఎక్కించిన కణాలని, ఎక్కించని కణాలని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అదే ప్రోటీన్‌లో వేరే ముక్కని పట్టే రెండో యాంటీబాడీ కూడా అదే మాట చెబుతుందేమో చూడొచ్చు. కేటలాగ్ నంబరు, లాట్ నంబరు రాయడానికైతే పైసా ఖర్చు లేదు.

ఇది బయోటెక్ వాళ్ల గోల అని సీఎస్‌ఈ వాళ్లు పేజీ తిప్పేయొద్దు. రేపు మీరు మోడల్ ట్రైన్ చేసేది ఇలాంటి డేటాతోనే.

నా మాట ఒక్కటే. ప్రాజెక్ట్ వైవాలో "గీత వచ్చిందా?" అని కాదు, "ఆ గీత దానిదేనని ఎలా తెలుసు?" అని అడగాలి. అడగకపోయినా సరే, గీత రాకూడని చోట రాలేదని చూపించే ఆ ఖాళీ లేన్ ఫొటోని మనమే రిపోర్టులో పెడదాం.