ఆ బిడ్డ ఫోటోకు అనుమతి ఎవరిచ్చారు?

మన సంఘాల యౌవనస్థుల్లో చాలామంది లైఫ్‌స్టైల్ బ్లాగర్లను ఇష్టంగా చదువుతారు. కొందరు తామే రాస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ రాతలకు ఒక వరస ఉంటుంది. మొదట 'నా గురించి': చదువు, ఉద్యోగం, దేవుడంటే ప్రేమ, కాఫీ అంటే మరికాస్త ప్రేమ. తర్వాత 'నాకిష్టమైనవి': లిప్‌స్టిక్, ఐషాడో, సీరం. ఆ తర్వాత ఆఫ్రికాలోనో కంబోడియాలోనో రెండు వారాల సేవ. చంకలో ఒక బిడ్డ, కింద ఒక వాక్యం రిఫరెన్సు. ఆ బిడ్డ పేరు ఎక్కడా ఉండదు. బ్లాగరు వాడే లిప్‌స్టిక్ పేరు మాత్రం ఉంటుంది.

2016లో ఇన్‌స్టాగ్రామ్‌లో 'బార్బీ సేవియర్' అనే వ్యంగ్య ఖాతా ఒకటి వచ్చింది. అందులో ఒక బార్బీ బొమ్మ ఆఫ్రికాకు సేవకు వెళ్ళి పిల్లలతో సెల్ఫీలు దిగుతుంది. దాన్ని నడిపింది క్రైస్తవ్యాన్ని ఎగతాళి చేసేవాళ్ళేమో అనుకోవద్దు. స్వయంగా అక్కడ సేవ చేసిన ఇద్దరు అమెరికా యువతులే నడిపారు. వాళ్ళు నవ్వించిన విషయం వెనుక నవ్వలేని సంగతులున్నాయి. ఉగాండాలోని జింజా పట్టణంలో వైద్యం చదవని ఒక అమెరికన్ మిషనరీ యువతి పోషకాహార లోపంతో బాధపడే పిల్లలకు కేంద్రం నడిపింది. అక్కడి అనుభవాలను బ్లాగులో రాసింది. ఆ కేంద్రానికి వచ్చినవాళ్ళలో 100 మందికి పైగా పిల్లలు చనిపోయారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది, తప్పు ఒప్పుకోకుండానే, రాజీ కుదిరింది. ఆ పిల్లలు అప్పటికే బాగా జబ్బుపడి వచ్చినవాళ్ళన్నది ఆమె తరఫు వాదన. అది నిజమే కావచ్చు. కానీ డాక్టరు కానివారు అలా వైద్యం చేస్తానంటే వర్జీనియాలో ఏ తల్లయినా ఒప్పుకుంటుందా?

కంబోడియా సంగతి ఇంకోలా ఉంది. అక్కడి అనాథాశ్రమాల్లోని ప్రతి నలుగురు పిల్లల్లో సుమారు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. మరి అనాథలెలా అయ్యారు? విదేశీయులు వస్తారు, పిల్లలతో ఆడతారు, చందాలిస్తారు. చందాలు రావాలంటే ఆశ్రమంలో పిల్లలుండాలి. అందుకని ఎవరో పల్లెలకు వెళ్ళి, బడికి పంపుతామని పేద తల్లిదండ్రులకు చెప్పి పిల్లలను తెస్తారు. ప్రతి రెండు వారాలకూ ఒక కొత్త అక్క వచ్చి ఎత్తుకుని ముద్దాడి, ఏడుస్తూ వీడ్కోలు చెప్పి వెళ్ళిపోతుంది. అలా ఎన్నిసార్లు వదిలించుకోబడితే ఒక బిడ్డ మనసు ఏమవుతుంది? 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఇలా ఆశ్రమాలకు పిల్లలను తరలించడాన్ని కూడా దోపిడీగానే లెక్కించింది. మనం మాత్రం దాన్ని ఇంకా 'మిషన్ ట్రిప్' అనే అంటున్నాం.

నర్సులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు అక్కడివాళ్ళు అడిగితే వెళ్ళి, వాళ్ళ కింద పనిచేసి రావడం వేరు. వాళ్ళను గౌరవిస్తాను.

ఇప్పుడు ఆ ఐషాడో దగ్గరకు వద్దాం. దాని తళుకు చాలావరకు అభ్రకం వల్ల వస్తుంది. మన పెద్దలు కాకిబంగారం అనేవారే, అదే. ఒకప్పుడు నెల్లూరు జిల్లా గూడూరు దానికి పేరు మోసింది. జార్ఖండ్‌లోని కోడెర్మా, గిరిడీ జిల్లాల్లో మూసేసిన గనుల దగ్గర పిల్లలు నేటికీ తట్టలు పట్టుకుని అభ్రకం ఏరుతున్నారు. మట్టి పెళ్ళలు విరిగిపడి పిల్లలు చనిపోతే ఆ చావులను బయటకు రానివ్వడం లేదని 2016లో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. ఆ తర్వాతే కంపెనీలు కదిలి ఒక ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగపట్టిన కూలి మొరపెడుతుందని ఉంది కదా, ఆ మాట రంగుల డబ్బాకు కూడా వర్తిస్తుంది. ఒకే బ్లాగులో పైన ఒక పేద బిడ్డ ఏరిన తళుకు, కింద మరో పేద బిడ్డను ఎత్తుకున్న ఫోటో. ఈ రెంటినీ కలిపి చూసేవారు ఎందరు?

మన చరిత్రలో ఇంకో రకం సేవ ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగలకు, ఇతరులకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బియ్యం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్ళీ మొదలయ్యాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె అమెరికా సంఘాల్లో బాగానే చాటింపైంది, అది వేరే సంగతి. ఆ 2,222 మందిలో మన ముత్తాతల వంటివారే ఉన్నారు. అప్పుడు కథలోనూ ఫోటోలోనూ ఉన్నది మనమే. కెమెరా వెనక్కి మనం వచ్చి ఎంతోకాలం కాలేదు.

'నా గురించి'లో మనం రాయనిది కూడా అదే. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. వాళ్ళలో కొందరు ఆదివారం మన పక్క బెంచీలోనే కూర్చుంటారు. 2025 ఆగస్టులో తమ పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించవద్దని చెన్నై పారిశుద్ధ్య కార్మికులు రిప్పన్ భవనం ముందు 13 రోజులు కూర్చున్నారు. చివరికి అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను లేపేశారు. అక్కడికి మంచినీళ్ళు తీసుకెళ్ళడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

"ఫోటో పెడితేనే కదా పాస్టర్‌గారూ, నలుగురూ సహాయం చేసేది" అని యౌవనస్థులు అడుగుతుంటారు. సహాయం కావాలంటే కట్టిన గది చూపించండి, ఖర్చుల లెక్క చూపించండి. ధర్మం చేస్తూ బూర ఊదించుకునేవాళ్ళ గురించి మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పినప్పుడు ఆయన దృష్టి దాతల మీదే ఉంది. పుచ్చుకునేవాళ్ళ ముఖం గురించి మన దేశ చట్టమూ మాట్లాడుతోంది. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డ ఎవరో తెలిసేలా పేరు, ఫోటో ప్రచురించడం నేరం. దానికి ఆరు నెలల జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

డిసెంబరులో కేకు, దుప్పట్లు పట్టుకుని ఆశ్రమాలకు బయలుదేరే యూత్ బృందాలు ఈసారి ఫోన్లు బస్సులోనే వదిలి లోపలికి వెళ్ళండి. అదే చట్టం కింద ఆశ్రమం రిజిస్టరు అయిందా అని వార్డెన్‌గారిని అడగండి. ఎంతమంది పిల్లలకు అమ్మానాన్నలున్నారో, ఆ పిల్లలు ఇంటికి తిరిగి వెళ్ళడానికి నెలకు ఎంత ఖర్చవుతుందో కూడా అడిగి రాసుకుని రండి.