గణ విభజన సరే, షాటు విభజన ఎప్పుడు?

2023లో ‘బలగం’ విడుదలైనప్పుడు తెలంగాణ పల్లెలు ఊరి నడుమ తెర కట్టుకుని ఆ సినిమా చూశాయి. చివరి ఘట్టంలో ఊళ్లకు ఊళ్లను ఏడిపించిన గొంతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులవి. వాళ్లది దుగ్గొండి. నెక్కొండ, దుగ్గొండి ఒకే నర్సంపేట నియోజకవర్గంలోని మండలాలు. ఆ కథలో చనిపోయిన కొమురయ్యకు పెట్టిన ముద్దను పిట్ట ఎందుకు ముట్టలేదో నెక్కొండలో ఇంటర్ చదివే పిల్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే ముట్టని ఆ పిట్టను దర్శకుడు ఎవరి ముఖం తర్వాత చూపించాడు, పాట ఎత్తుకున్నాక కెమెరా ఎవరి వైపు తిరిగింది, ఎక్కడ ఆగింది అని అడిగే తరగతి ఆమెకు లేదు. ఆ తరగతి కావాలి. ఇంటర్మీడియట్‌లో సినిమాను ఎంపిక సబ్జెక్టుగా పెట్టాలి. హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలకు కాదు, నెక్కొండ లాంటి మండలాల సర్కారు చదువులకే అది ముందు దక్కాలి.

పద్యానికి గణ విభజన చేయడం మన బడి నేర్పుతుంది. ఉత్పలమాలకు యతి పదో అక్షరమని పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. నేర్పాల్సిందే, తప్పులేదు. కానీ అదే పిల్లలు బడి వదిలాక చూసేదంతా కదిలే బొమ్మే. సినిమా, సీరియల్, రీలు, ఎన్నికల ప్రకటన, ఎవరో అతికించి పంపిన వీడియో. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెడితే అబద్ధం నిజంలా కనిపిస్తుందో తెలియాలంటే షాటును విడదీసి చూడటం రావాలి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ గ్రూపుల్లో దేనిలోనూ ఈ చదువు లేదు.

ఈ చదువు లేక ఎక్కువ నష్టపోయింది తెలంగాణే. దశాబ్దాల పాటు తెలుగు తెర మీద ఇక్కడి మాట రౌడీ నోటనో, నవ్వించే పాత్ర నోటనో పలికింది తప్ప కథానాయకుడి నోట పలకడం అరుదు. ఉద్యమ కాలంలో ఈ అవమానం గురించి వేదికలెక్కి మాట్లాడాం. 2014లో రాష్ట్రం వచ్చింది, ఆ ప్రశ్న మాత్రం వేదిక దిగి తరగతి గదిలోకి రాలేదు. బి.నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ అయిదు జాతీయ అవార్డులు తెచ్చింది. దొరల గడీలో ఆడబాపల బతుకు ఎలా తెల్లారేదో చరిత్ర పాఠంలోని పేరా కన్నా ఆ సినిమాలోని మౌనం బాగా చెబుతుంది. తెలంగాణ పిల్లల్లో దాన్ని చూసినవారు ఎందరు? చూపించే బాధ్యత ఎవరిది?

ఇదేమీ లోకంలో లేని కోరిక కాదు. బ్రిటన్‌లో ఏ-లెవెల్ పిల్లలు, ఫ్రాన్స్‌లో బాకలోరియాకు చదివే పిల్లలు సినిమాను సబ్జెక్టుగా తీసుకుని పరీక్ష రాస్తున్నారు. ‘అవన్నీ పట్నం ముచ్చట్లు, పల్లెకెందుకు’ అనేవారు కర్ణాటకలోని హెగ్గోడు వైపు చూడాలి. పోక తోటల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్లో కె.వి.సుబ్బణ్ణ ‘నీనాసం’ ద్వారా రైతులకు, బడి పంతుళ్లకు ప్రపంచ సినిమాలు చూపించి, వాటి మీద చర్చలు పెట్టించారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే సతీశ్ బహదూర్ ఆ ఊరికి వచ్చి సినిమా చూడటం నేర్పారు. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. హెగ్గోడులో సాగిన పని నెక్కొండలో సాగదనడానికి కారణం లేదు.

పత్తి, మిర్చి అమ్మి పిల్లలను చదివించే తండ్రి ‘సినిమాలు చూడటానికా కాలేజీకి పంపింది’ అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. చూడటానికి కాదు, విప్పి చూడటానికి. ఒక సన్నివేశాన్ని షాట్లుగా విడదీసి రాయడం, ఒక కథకు స్క్రిప్టు రాయడం, ఫోనుతో అయిదు నిమిషాల చిత్రం తీసి పరీక్షకు పెట్టడం ఈ చదువులో పని. ఎప్‌సెట్ రాసేవారి దారికి ఇది అడ్డం రాదు. హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలకు మొదట ఈ వీలు ఇవ్వవచ్చు.

‘అసలే హీరోల పిచ్చి, దానికి చదువు కూడానా’ అన్నది ఇంకో మాట. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్‌కు హీరో వచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. అలాంటి పిచ్చికి ఈ చదువే విరుగుడు. హీరో ప్రవేశాన్ని బూటు నుంచి, కింది కోణం నుంచి ఎందుకు తీస్తారో, ఈలలకు ఎంత చోటు వదిలి డైలాగు మొదలుపెడతారో లెక్క తెలిసిన పిల్లవాడు ఈల వేస్తే వేయవచ్చు గానీ, ఒళ్లు మరిచిపోడు.

2025 జూన్‌లో గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఘనంగా ఇచ్చిన ప్రభుత్వం ఈ పనికి డబ్బు లేదనకూడదు. కాలేజీకి ఒక ప్రొజెక్టరు, కిటికీలకు నల్ల తెరలు చాలు. తెలుగు, చరిత్ర అధ్యాపకులకు వేసవి సెలవుల్లో శిక్షణ ఇవ్వాలి. పాఠ్య చిత్రాల ఎంపిక నిర్మాతల చేతిలోనో, అధికార పార్టీ చేతిలోనో పడకూడదు. గైడ్లు, ‘ఇంపార్టెంట్ కొశ్చన్లు’ పుట్టే తీరున పరీక్ష పెడితే మాత్రం ఈ చదువు మొదటి ఏడాదే చచ్చిపోతుంది. అందుకే సగం మార్కులు పిల్లలు తీసిన చిత్రానికే ఉండాలి.

మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆ బుడగ జంగాల గాయకుడు ‘బలగం’ తెర మీద ఉన్నది కొద్ది నిమిషాలే. జీవితమంతా ఊరూరా చెప్పిన కథలు ఆయన వెంటే వెళ్లిపోయాయి. అలాంటి గొంతులు ఈ మండలాల్లో ఇంకా ఉన్నాయి. వాటి ముందు ఫోను పట్టుకుని ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు కదలకుండా ఉండాలో తెలిసిన పిల్లలు ఆ ఊళ్లలోనే తయారు కావాలి. ఇంటర్ బోర్డు కమిటీల పేరుతో కాలయాపన చేయకుండా వచ్చే విద్యా సంవత్సరమే ఈ పని మొదలుపెట్టాలి.