గులాబీ పురుగుకు ఆకలి నెలలు చూపాలి

సంక్రాంతి దాటినా ఆదిలాబాద్ జిల్లాలో అనేక గ్రామాల్లో పత్తి కట్టె చేలలో నిలిచే ఉంటోంది. నీటి వసతి ఉన్నచోట ఒకటి రెండు తడులిచ్చి మార్చి దాకా పంటను సాగదీయడం పరిపాటి అయింది. మరో రెండు క్వింటాళ్లు చేతికొస్తే అప్పుకు వడ్డీ అయినా తీరుతుందని రైతు ఆశ. ఆ ఆశను తప్పు పట్టలేం. కానీ వచ్చే ఏటి నష్టం ఆ చివరి కాయల్లోనే దాక్కుని ఉంటున్నది. రైతాంగం ఇప్పుడు ఆలోచించవలసింది ఈ విషయమే.

ఈ నష్టానికి మూలమైన తల్లిపురుగు చూడబోతే గోరంత ఉంటుంది. రెక్కలు చాపితే ముప్పావు అంగుళానికి మించదు. బూడిద కలిసిన గోధుమ రంగు. పగలు నేల పగుళ్లలోనూ రాలిన ఆకుల కిందా నక్కి ఉండి, రాత్రి వేళ తిరుగుతుంది. అందుకే రైతు కంట పడటం తక్కువ. ఇది కొత్తగా వచ్చిన శత్రువు కాదు. 1840లలోనే గుజరాత్‌లోని భరూచ్ పత్తిలో దీన్ని గుర్తించి శాస్త్రీయ నామం పెట్టారు.

కాయ లోపలి కాపురం

తల్లిపురుగు గూడ, పూత, లేత కాయల మీద గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగు బయటకొచ్చి కొద్ది గంటల్లోనే కాయలోకి దూరుతుంది. దూరిన రంధ్రం పూడుకుపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల గింజ ఖాళీ అవుతూ ఉంటుంది. ఆ తర్వాత ఎంత మందు కొట్టినా పురుగుకు తగలదు. మొదట తెల్లగా ఉండి, ఎదిగాక గులాబీ రంగుకు తిరుగుతుంది. పూతలో పడితే రేకులు విచ్చుకోక గుడ్డి పూలవుతాయి. కాయలో పడితే దూది రంగు మారి, తూకం తగ్గి, మార్కెట్‌లో ధర కోతకు గురవుతుంది.

గుడ్డు నుంచి తల్లిపురుగు దాకా సుమారు నెల రోజులు పడుతుంది. అయితే పంట చివర పుట్టిన పురుగుల్లో చాలా భాగం వెంటనే రెక్కలు తొడగవు. రెండు గింజలను అతికించుకుని వాటి మధ్య నిద్రావస్థలోకి వెళతాయి. చేలో నిలిచిన కట్టెలో, ఇంటి పక్కన పొయ్యికని పేర్చిన మోపుల్లో, జిన్నింగ్ మిల్లు గింజల కుప్పల్లో నెలల తరబడి అలాగే ఉండి, అదను చూసి బయటకొస్తాయి.

బీటీ కట్టడి ఎందుకు సడలింది

2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి లభించింది. 2006లో రెండు జన్యువులున్న రకం వచ్చింది. శనగపచ్చ పురుగు బెడద తగ్గి రైతు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి జన్యువును తట్టుకుంటున్నదని 2010లో విత్తన కంపెనీయే ఒప్పుకుంది. మరి కొన్నేళ్లకే రెండో జన్యువుకూ అలవాటు పడింది. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ చేలలో పురుగు విజృంభించింది. అదే ఏడు పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో మందు పిచికారీ చేస్తూ ఇరవై మంది దాకా రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు.

రెండు పురుగుల మధ్య తేడా ఉంది. శనగపచ్చ పురుగు శనగ, కంది, టమాటా కూడా తింటుంది. అక్కడ పెరిగి బీటీకి అలవాటు పడని పురుగులు, పత్తిలో తట్టుకున్న వాటితో జతకట్టి వాటి బలాన్ని పలచన చేస్తాయి. గులాబీ పురుగుకు పత్తే ప్రధాన ఆహారం. మన చేలన్నీ బీటీ అయ్యాక దానికి అలవాటు పడటం తప్ప గత్యంతరం లేకపోయింది. పైగా హైబ్రిడ్ మొక్క కాయలో కొన్ని గింజల్లో విషం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఇది కూడా దానికి కలిసొచ్చింది.

ఇది ముందే తెలిసి, 450 గ్రాముల సంచితో పాటు 120 గ్రాముల సాధారణ విత్తనం పొట్లం ఇచ్చారు. చేను చుట్టూ వేయాలన్నారు. ఎందుకు వేయాలో విడమరిచి చెప్పింది తక్కువ, వేసింది అంతకన్నా తక్కువ. 2020 నుంచి రెండింటినీ ఒకే సంచిలో కలిపి అమ్ముతున్నారు. అప్పటికే ఆలస్యమైంది.

అమెరికా అనుభవం

ఇదే పురుగు అమెరికాలోని అరిజోనా పత్తినీ దశాబ్దాల పాటు పీడించింది. అక్కడి రైతులు సాధారణ పత్తిని కూడా వేశారు. 2006 నుంచి గొడ్డు చేసిన తల్లిపురుగులను విమానాల ద్వారా వదిలారు. గడువు తేదీలోగా మోళ్లు దున్నడం తప్పనిసరి చేశారు. 2018 అక్టోబరులో తమ పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు లేదని ఆ దేశం ప్రకటించింది. వారి విమానాలు, పెద్ద కమతాలు మనకు లేవు. కానీ గడువులోగా పంట ముగించడానికి విమానం అక్కర్లేదు.

ఊరంతా ఒక్క మాట

తల్లిపురుగు బతికేది ఒకటి రెండు వారాలు. ఆ వ్యవధిలో గూడ, పూత దొరక్కపోతే తన సంతతిని నిలపలేక చనిపోతుంది. కనుక డిసెంబరు చివరికి, ఆలస్యమైతే జనవరికి పంట ముగించాలి. కట్టెను వెంటనే ముక్కలు చేసి దున్నాలి. పొయ్యికని దాచుకోరాదు. మిగిలిన కాయలను గొర్రెలకు, మేకలకు మేపవచ్చు. మళ్లీ వానలు పడే దాకా విత్తరాదు. పంటకాలంలో ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి తల్లిపురుగులు పడితే మందు సంగతి చూడాలి. గుడ్డి పూలను ఏరి నాశనం చేయాలి.

అయితే ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. పది మంది కట్టె దున్నినా, పదకొండో చేను నిలిస్తే అక్కడి పురుగు అందరి చేలకూ వస్తుంది. చెరువు నీటి పంపకం మాదిరిగా పంట ముగింపు తేదీని గ్రామసభలో కూర్చుని నిర్ణయించుకోవాలి.

ఆఖరి ఏరుడు వదులుకొమ్మని రైతుకు చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. మందు ఖర్చు, ఏరే కూలి, మచ్చ పత్తికి కోసే ధర లెక్క వేస్తే ఆ ఏరుడులో మిగిలేది స్వల్పమే. అయినా చేతిలో పైసా లేని కౌలు రైతుకు ఆ స్వల్పమే పెద్దది. నీరున్న చోట జొన్న, నువ్వులు, వేరుశనగ విత్తనం సకాలంలో అందించాలి. నూట యాభై రోజుల్లో ముగిసే పత్తి రకాలు కావాలి. కట్టె ముక్కలు చేసే యంత్రాలు మండలానికి అందుబాటులోకి రావాలి. జిన్నింగ్ మిల్లుల్లో బుట్టలు పెడుతున్నదీ లేనిదీ అధికారులు చూడాలి. ఈ నాలుగూ జరిగితే, తేదీ పాటించడానికి రైతు వెనుకాడడు. జరగకపోతే వచ్చే సంక్రాంతికీ కట్టె చేలోనే ఉంటుంది, పురుగు కాయలోనే ఉంటుంది.