ఇంటియందు చలనచిత్రముల కూర్పు

చలనచిత్రము తీయుట ధనవంతుల పనియనియు, దానిని కూర్చుట గొప్ప యంత్రములు గలవారి పనియనియు మన విద్యార్థులలో ననేకులు తలంచుచున్నారు. తల్లిదండ్రులలో కొందఱీ తలంపునకు సంతసించుచున్నారు గూడ. ఏలయన, ఫోను బిడ్డల చేతి కందకుండుటకు వారికిది యొక సాకు. ఈ రెండును సరికావని నా యభిప్రాయము. తాను తీసిన దృశ్యములను తానే కోసి, తానే యతికి చూచిన బాలునకు గలుగు తెలివి, పరులు కూర్చినవానిని గంటలకొలది చూచుచుండు బాలునకు గలుగదు.

మన పాత తెలుగు చిత్రములలో, మొదట వచ్చు పేర్ల నడుమ “కూర్పు” అను మాటను పెద్దలు చూచియే యుందురు. ఆ కాలమున ఫిల్మును నిజముగనే కత్తిరించి యతికెడివారు. నేడు వ్రేలితో తాకినంతనే తెగును. మూలదృశ్యము చెక్కు చెదరక నిలుచును. కావున ప్రయోగము చేయువానికి నష్టము లేదు.

గృహమునే కార్మాగారముగా జేసికొన్నవారు మన దేశమునందే కలరు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో “రాజా హరిశ్చంద్ర”ను ప్రదర్శించుటకు ముందు, 1912లో బొంబాయి దాదరునందలి తన యింట బఠాణీ మొక్క యెదుగుదలను దినదినము కొంచెము కొంచెముగా చిత్రించెను. ధనమిచ్చువారికి నమ్మకము పుట్టించినది ఆ చిన్న చిత్రమే. ఫిల్మునకు రంధ్రములు చేయుట, కడుగుట మొదలగు పనులలో ఆయన భార్య సరస్వతీబాయి తోడ్పడెను. ఆయన యప్పుచేసి విదేశమునుండి తెప్పించుకొనిన సాధనముల పని నేడు మన జేబులోని ఫోను చేయుచున్నది.

ఆ ప్రయోగమును మన యింట చేయవచ్చును. గాజుగ్లాసులో తడిదూది పఱచి నాలుగు పెసరగింజలు వేయుడు. ఫోనును పుస్తకముల దొంతరకు ఆనించి, దాని చోటును సుద్దముక్కతో గుఱుతు పెట్టుడు. కిటికీ మూసి, ఎల్లప్పుడు ఒకే దీపపు వెలుగున పగలు గంట కొక చిత్రము తీయుడు. దినమునకు 12 చొప్పున అయిదు దినములకు 60 చిత్రములగును. సెకనుకు 12 చొప్పున వరుసగా నతికినచో అయిదు సెకనుల చిత్రము. బడికి పోవలసిన పిల్లలకు గంట గంటకు తీయుట కుదరదు గనుక దీనిని సెలవులలో చేయుట మేలు; లేదా యింటనున్న అవ్వగారిని బ్రతిమాలవలెను.

కూర్పునందలి అసలు శక్తి మఱొకచోట నున్నది. 1920 ప్రాంతమున రష్యాలో క్రొత్త ఫిల్ము దొరకుట దుర్లభమైనప్పుడు, కులెషోవ్ అను నతడు తన శిష్యులతో గూడి పాత చిత్రములనే కోసి మరల కూర్చి నేర్చుకొనెను. మోజుఖిన్ అను నటుని భావరహితమైన ముఖము నొకదానినే తీసికొని, ఒకమాఱు దానిప్రక్కన సూపుగిన్నెను, మఱొకమాఱు శవపేటికను అతికెను. చూచినవారు ఆ నటుడు ఆకలిని, దుఃఖమును ఎంత చక్కగా నభినయించెనని మెచ్చుకొనిరట. ఆయన శిష్యుడు పుదోవ్కిన్ ఈ సంగతిని వ్రాసియున్నాడు. మీ తమ్ముని ముఖము నైదు సెకనులు తీసి, ఒకమాఱు పులిహోర పళ్లెమును, ఒకమాఱు చినిగిన గాలిపటమును ప్రక్కన జేర్చి యింటిల్లిపాదికి చూపుడు. తమ్ముడేమియు నటింపలేదని చెప్పిన పిమ్మట గాని వారు నమ్మరు.

దీనికి వ్యయమెంత? షాట్‌కట్, ఓపెన్‌షాట్, కెడెన్‌లైవ్ అనునవి కంప్యూటరునందు ఉచితముగా లభించును. ఫోనునందు ఉచితముగా వచ్చువానిలో కొన్ని చిత్రము మూలన తమ ముద్రవేయును. దాని కోపపడక నేర్చుకొనువాడు నేర్చుకొనును. యంత్రము తెఱచుటకు ముందే ఒక్కొక్క దృశ్యమును ఒక్కొక్క చీటిపై వ్రాసి, నేలపై పఱచి, అటునిటు మార్చి చూడుడు. కూర్పులో సగము అక్కడనే ముగియును. శబ్దము తీయునప్పుడు ఫంకా నాపుడు. మాటలకు వేఱొక ఫోనును వక్తకు దగ్గఱగా నుంచి, ఆరంభమున ఒక చప్పట్లు కొట్టినచో తరువాత బొమ్మను ధ్వనిని కలుపుట సులభము. పెండ్లి వీడియోలలో వలె పూలు రాలుట, పుట తిరుగుట, హృదయాకారమున వధూవరులు తేలుట మాత్రము మనకు వలదు. చెప్పవలసినది లేనివాడే వానిని వెదకునని నాకు తోచుచున్నది.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. మీ బిడ్డలు దినదినము చూచుచున్న చిన్న వీడియోలన్నియు ఎవరో కోసినవే. “నేనట్లు చేయుమని చెప్పలేదు” అన్న వాక్యమున చివరిమాటను తీసివేసిన నేమగునో ఆలోచింపుడు. అతుకు వద్ద తల యించుక యెగిరిపడుట, వెనుకనున్న గడియారపు ముల్లు హఠాత్తుగా జరుగుట, ఊపిరి లేక రెండు మాటలు తగులుకొనుట: వీనిని స్వయముగా కోసినవాని కన్ను, చెవి పసిగట్టును. అతుకు కనబడనంత నేర్పుగా కోసిన దానియందు సైతము, “దీనికి ముందేమి యుండెను?” అని యడుగు నలవాటు వానికి కలుగును. పరీక్షల కాలము తప్ప, శనివారము ఒక గంట, ఫోనును ఫ్లైట్ మోడులో నుంచి యీ పనికి ఇచ్చినచో చదువు చెడదు.

పై తరగతులవారికి నేను సూచించు పని యిది. మీ నాయనమ్మనో తాతనో తమ చిన్ననాటి సంగతు లడిగి, వారి యనుమతితో పది నిమిషములు తీయుడు. దానిని రెండు నిమిషములకు తగ్గింపుడు. ఎనిమిది నిమిషములు తీసివేయవలెను, ఏది తీసివేయుదురు? వారు నవ్వుకొన్న చోటా, గొంతు పూడిపోయి ఆగిన చోటా? ఆ మౌనమును కోసినచో చిత్రము వేగముగా నడచును గాని, మనిషి మాఱిపోవును. పూర్తియైన పిదప ఇతరులకు చూపకముందు వారికే చూపి, “నేననినది యిదియేనా?” అని వారడుగుటకు సందియ్యుడు. కాదన్నచో మరల కూర్చుడు. వారు సరియన్న పిమ్మట ఆ రెండు నిమిషములను, కోయని పది నిమిషములను గూడ బడికి తెండు. రెండును ప్రక్కప్రక్కన చూతము.